లినక్స్ వేసే ముందు డిస్క్‌ని ఎలా పంచాలి

నేను మొదటిసారి లినక్స్ వేసినప్పుడు సిస్టమ్ ఉండే రూట్‌కి 15 జీబీ ఇచ్చి, మిగిలిందంతా సొంత ఫైళ్లుండే హోమ్‌కి రాసిచ్చేశాను. సిస్టమ్‌కి అంతకంటే ఎందుకులే అనుకున్నాను. ఏడెనిమిది నెలలు బాగానే నడిచింది. ఒకరోజు అప్‌డేట్ సగంలో ఆగిపోయి, డిస్క్‌లో చోటు లేదని చెప్పింది. హోమ్‌లో చూస్తే 300 జీబీ ఖాళీ. ఒక మడి ఎండిపోతుంటే పక్క మడిలో నీళ్లు నిలబడి ఉన్నాయన్నమాట. గట్టు జరుపుదామంటే రూట్‌కి కుడిపక్కనే హోమ్ ఉంది. దాన్ని మొత్తంగా పక్కకి లాగితే తప్ప రూట్ పెరగదు. ఎక్కడ కరెంటు పోతుందోనని టెన్షన్ పడుతూ ఆ రాత్రంతా ఆ లాగుడు చూస్తూ కూర్చున్నాను.

అప్పటినుంచి నా లెక్క మారిపోయింది. దేనికి ఎన్ని జీబీలు అన్నది తర్వాత చూసుకుంటాను. ముందు తేల్చుకునేది, ఏ నిర్ణయాన్ని రేపు మార్చుకోవచ్చు, దేన్ని మార్చుకోలేం అన్నది. మార్చుకోగలిగిన వాటి మీద ఎక్కువ బుర్ర పెట్టక్కర్లేదు. మార్చుకోలేని వాటి దగ్గర మాత్రం ఓ పావుగంట కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి.

ముందు ఉన్నదేంటో చూడండి

లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ని నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకుండా, డిస్క్‌ని పంచే ప్రోగ్రామ్ జీపార్టెడ్ తెరవండి. అది లేకపోతే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొట్టండి, ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. డిస్కులు, వాటిలోని పార్టిషన్లు, అంటే డిస్క్‌ని పంచిన ముక్కలు, చెట్టులా కనిపిస్తాయి. మామూలు సాటా డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లతోనూ, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు ఎన్‌వీఎంఈ0ఎన్1 లాంటి పేర్లతోనూ ఉంటాయి. మీ లైవ్ యూఎస్‌బీ కూడా ఆ వరసలోనే కనబడుతుంది. దేని సైజు ఎంతో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇన్‌స్టాలర్‌లో పేర్లన్నీ ఒకేలా అనిపించినప్పుడు డిస్క్‌ని గుర్తుపట్టించేది సైజే.

సైజు విషయంలో ఒక తికమక ఉంది. డిస్క్ పెట్టె మీద వేసే 500 జీబీ వెయ్యి వెయ్యిల లెక్క. జీపార్టెడ్ చూపించేది 1024ల లెక్క. అందుకే 500 జీబీ డిస్క్ 465గా, 1 టీబీ డిస్క్ 931గా కనబడుతుంది. ఏమీ పోలేదు, కొలమానం మారిందంతే. నేను కింద చెప్పే అంకెలన్నీ ఈ 1024ల లెక్కలోనే.

రెండోది, మెషీన్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ అవుతోందా, పాత బయాస్ పద్ధతిలోనా అన్నది. ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ఫర్మ్‌వేర్‌లో ఇవి కొత్త, పాత రకాలు. లైవ్ సిస్టమ్‌లో /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ అన్న ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐ. లేకపోతే పాతది. పక్కన విండోస్ ఉంటే అది ఏ పద్ధతిలో ఉందో లినక్స్‌ని కూడా అదే పద్ధతిలో వేయాలి. రెంటినీ కలిపితే ఒకటి బూట్ మెనూలో కనబడకుండా పోతుంది, ఎందుకో తెలియక జుట్టు పీక్కుంటాం.

పార్టిషన్ టేబుల్: జీపీటీకే ఓటు

డిస్క్ మీద ఏ గట్టు ఎక్కడుందో రాసి ఉంచే పట్టిక ఇది. పాత రకం ఎంబీఆర్. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే ఈ పట్టికకి దొరుకుతాయి. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కాబట్టి నాలుగే ప్రైమరీ పార్టిషన్లు పడతాయి. అంతకు మించి కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, దాని కడుపులో లాజికల్‌వి పెట్టుకోవాలి. పైగా మామూలు 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో 2 టీబీ దాటిన చోటు దానికి అందదు.

కొత్త రకమైన జీపీటీకి ఈ బాధలు లేవు. మామూలుగా 128 పార్టిషన్ల దాకా పడతాయి. పట్టిక నకలు డిస్క్ చివర ఇంకొకటి ఉంటుంది కాబట్టి మొదటిది చెడినా బాగుచేసుకోవచ్చు. ఖాళీ డిస్క్ మీద వేస్తుంటే ఆలోచించకుండా జీపీటీ పెట్టండి. పాత బయాస్ మెషీన్‌లో జీపీటీ వాడితే మాత్రం లినక్స్‌ని లేపే గ్రబ్ కోసం 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ ఒకటి ఫార్మాట్ చేయకుండా వదలాలి. డేటా ఉన్న డిస్క్‌లో టేబుల్ రకం మార్చడం మాత్రం చిన్న పని కాదు. కొత్త టేబుల్ రాస్తే పాత గట్లన్నీ చెరిగిపోయినట్టే.

విండోస్ పక్కన ఉంటే

లినక్స్ ఒక్కటే వేసుకునేవాళ్లు ఈ భాగం దాటేయండి.

బ్యాకప్ తీసుకోండి. ఇది అందరూ చెప్పేదే, అందరూ వదిలేసేదే. పార్టిషన్ల పనిలో తప్పు జరిగితే ఒక ఫైలుతో పోదు, మొత్తం పోతుంది. ఆ బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉండాలి, అదే డిస్క్‌లో ఇంకో పార్టిషన్ మీద కాదు.

తర్వాత విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరుచుకునే ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌లో లినక్స్ రాయనని మొరాయిస్తుంది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఉంటే రికవరీ కీ వేరే చోట రాసి పెట్టుకుని, పని అయ్యేదాకా దాన్ని సస్పెండ్ చేయండి. ఆ కీ లేకుండా బూట్ సెట్టింగులు కదిపి, నీలం తెర ముందు బిక్కమొహం వేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

సీ డ్రైవ్‌ని తగ్గించే పని విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి. 200 జీబీ ఖాళీ ఉన్నా 40 మాత్రమే తగ్గించగలనని అది అనొచ్చు. కదపకూడని ఫైళ్లు మధ్యలో ఎక్కడో అడ్డం కూర్చుంటాయి. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే తరచుగా దారికొస్తుంది. వచ్చిన ఖాళీలో కొత్త డ్రైవ్ సృష్టించకండి, ఖాళీగానే వదలండి.

లైవ్ యూఎస్‌బీలో డిస్కే కనబడకపోతే బయాస్‌లో స్టోరేజీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉండొచ్చు. ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే విండోస్‌ని ముందు సేఫ్ మోడ్‌లో లేచేలా సిద్ధం చేయకుండా మారిస్తే అది బూట్ కాదు.

ఏ పార్టిషన్లు కావాలి

చాలామందికి మూడు చాలు: ఈఎఫ్‌ఐ, రూట్, హోమ్. కొందరికి రెండే చాలు. అంతకు మించి పెంచుకుంటూ పోతే ప్రతి గట్టు రేపు ఒక తగాదా.

ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఫ్యాట్32లో ఉండాలి. యూఈఎఫ్‌ఐ మొదట తలుపు తట్టేది దీన్నే. కొత్తగా చేస్తుంటే 1 జీబీ ఇవ్వండి. 512 ఎంబీ కూడా సరిపోతుంది గానీ, ఇది డిస్క్ మొదట్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి తర్వాత పెంచడం తలనొప్పి. విండోస్ ముందే ఉంటే ఈఎఫ్‌ఐ కూడా ముందే ఉంటుంది, సాధారణంగా 100 ఎంబీ. గ్రబ్ వాడే డిస్ట్రోలకి (లినక్స్ రకాలకి) అది చాలు, ఎందుకంటే అవి కెర్నెళ్లను, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ఫైళ్లను, అందులో పెట్టవు. గ్రబ్ బదులు సిస్టమ్‌డీ-బూట్ వాడేవి చాలావరకు కెర్నెళ్లను కూడా అక్కడే పెడతాయి, వాటికి 100 ఎంబీ చాలదు. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ముందే ఉన్న ఈఎఫ్‌ఐని ఫార్మాట్ చేయకండి. చేస్తే విండోస్ బూట్ ఫైళ్లు అందులోంచి ఎగిరిపోతాయి.

రూట్ అంటే / గుర్తుతో కనబడేది. సిస్టమ్ మొత్తం ఇక్కడే. ఉబుంటు డెస్క్‌టాప్‌కి 25 జీబీ కావాలంటారు. ఇన్‌స్టాల్ చేసిన రోజుకి అది నిజమే. కానీ రూట్‌ని నింపేది ఇన్‌స్టాలేషన్ కాదు, ఆ తర్వాత వచ్చి చేరేవి. స్నాప్‌లు, సిస్టమ్ మొత్తానికి వేసే ఫ్లాట్‌ప్యాక్‌లు (రెండూ యాప్ ప్యాకేజీలే), డాకర్ ఇమేజీలు, వర్చువల్ మెషీన్ల డిస్కులు మామూలుగా /వార్ కింద చేరతాయి. /వార్ విడిగా లేకపోతే ఆ భారమంతా రూట్‌దే. పాత కెర్నెళ్లు, లాగ్‌లు కూడా అక్కడే. కాబట్టి మామూలు వాడకానికి 50 నుంచి 60 జీబీ, డాకర్ లాంటివి వాడేవాళ్లకి 100 పైన. బ్రౌజర్, ఆఫీస్ తప్ప ఏమీ వాడనివాళ్లకి 40 కూడా చాలు, నేనైతే ఇవ్వను.

హోమ్ విడిగా ఉండాలా అన్నది పాత వాదన. విడిగా ఉంటే లాభం ఒక్కటే గానీ పెద్దది. రేపు డిస్ట్రో మార్చాలన్నా, మళ్లీ మొదటినుంచి వేయాలన్నా రూట్‌ని తుడిచేసి హోమ్‌ని ముట్టుకోకుండా వదిలేయొచ్చు. ఫొటోలు, పత్రాలు, బ్రౌజర్ సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. నష్టం నా కథలో చూశారుగా, ఒకచోట ఖాళీ ఇంకోచోట కరువు. డిస్క్ 128 జీబీ లేక అంతకంటే చిన్నదైతే విడదీయకండి, రెండూ ఒకే పార్టిషన్‌లో ఉండనివ్వండి. 250 దాటితే విడదీయడమే మేలని నా అభిప్రాయం. కొత్త డిస్ట్రోకి మారినప్పుడు పాత దాచిన సెట్టింగ్ ఫైళ్లు అప్పుడప్పుడూ కొత్త డెస్క్‌టాప్‌ని తికమకపెడతాయి. అలాంటప్పుడు కొత్త యూజర్ పేరు పెట్టుకుని, కావాల్సినవి మాత్రం కాపీ చేసుకోవడం సుఖం.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) గురించి ర్యామ్‌కి రెట్టింపు అన్న పాత సూత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ర్యామ్ మెగాబైట్లలో ఉన్న రోజుల మాట అది. 32 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు 64 జీబీ స్వాప్ పెట్టుకుంటే ఎస్‌ఎస్‌డీలో అంత చోటు వృథా. ఉబుంటు 17.04 నుంచి స్వాప్‌ని పార్టిషన్‌గా కాక ఫైలుగా పెట్టడం మొదలుపెట్టింది, ఫెడోరా 33 నుంచి ర్యామ్‌లోనే కుదించి పెట్టే జెడ్‌ర్యామ్ పద్ధతికి వెళ్లింది. ఫైలైతే రేపు పెంచొచ్చు, తగ్గించొచ్చు, అంటే ఇది మార్చుకోగలిగిన నిర్ణయాల జాబితాలోకి వస్తుంది. 2 నుంచి 4 జీబీ ఫైలుతో మొదలుపెట్టండి. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో దాచి మెషీన్ ఆపేయడం) కావాలనుకునేవాళ్లు మాత్రం ర్యామ్ ఎంతో అంతకు తగ్గకుండా స్వాప్ పార్టిషన్‌ని విడిగా పెట్టుకోవాలి. ఫైలుతోనూ హైబర్నేట్ కుదురుతుంది గానీ పార్టిషన్‌తో తేలిక. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో హైబర్నేట్ అసలు పనిచేయదు, ముందు అది చూసుకుని చోటు కేటాయించండి.

/బూట్‌ని విడిగా పెట్టడం డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేవాళ్లకే ముఖ్యం. తాళం తీయక ముందు కెర్నెల్ ఎక్కడినుంచో లేవాలి కదా. 1 జీబీ ఇవ్వండి, 2 అయితే ఇంకా నిశ్చింత. చిన్నదైతే పాత కెర్నెళ్లతో నిండి అప్‌డేట్లు ఆగుతాయి. ల్యాప్‌టాప్ బయట తిప్పేవాళ్లు ఎన్‌క్రిప్షన్ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. ఇన్‌స్టాల్ సమయంలో ఒక్క టిక్కుతో అయిపోయే పని, తర్వాత చేయాలంటే దాదాపు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినంత.

సర్వర్ అయితే /వార్‌ని విడదీయడంలో అర్థముంది. లాగ్‌లు అదుపుతప్పినా రూట్ బతుకుతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి అవసరం లేదు. /యూఎస్‌ఆర్‌ని, /ఈటీసీని మాత్రం ఎక్కడా విడదీయకండి. ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైలు /ఈటీసీలోనే ఉంటుంది. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టవుతుంది.

ఏది ముందు, ఏది వెనక

చాలామంది పట్టించుకోని విషయం ఇదే. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌ని కుడివైపుకి, అంటే చివరవైపుకి పెంచడం చాలా తేలిక. సిస్టమ్ నడుస్తుండగానే క్షణాల్లో అయిపోతుంది. తగ్గించాలంటే ముందు దాన్ని అన్‌మౌంట్ చేయాలి, అంటే నడుస్తున్న సిస్టమ్ నుంచి విడదీయాలి. రూట్‌ని తగ్గించాలంటే లైవ్ యూఎస్‌బీ తప్పదు. ఎడమవైపుకి పెంచాలంటే లోపలి డేటా అంతా ముందుకు జరగాలి. గంటలు పడుతుంది, మధ్యలో ఆగితే గోవిందా.

అందుకని ఖాళీ మొత్తం ఇప్పుడే పంచేయకండి. కాస్త చోటు ఎవరికీ ఇవ్వకుండా వదలండి, అదీ రేపు అవసరమయ్యేదాని కుడిపక్కన. రూట్ తర్వాత 20 జీబీ, హోమ్ తర్వాత ఇంకాస్త వదిలితే, ఏది ముందు ఇరుకైతే దాన్ని రెండు నిమిషాల్లో పెంచుకోవచ్చు. పంచకుండా ఉంచిన చోటు ఎక్కడికీ పోదు.

ఈ గట్ల గొడవే వద్దనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి ఎల్‌వీఎం. అందులో రూట్, హోమ్ పక్కపక్కనే ఉండక్కర్లేదు, ఖాళీ ఎక్కడున్నా ఎవరికైనా కలుపుకోవచ్చు. రెండోది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అన్న ఫైల్ సిస్టమ్. ఒకే పార్టిషన్‌లో రూట్, హోమ్ రెండు సబ్‌వాల్యూములుగా ఉంటాయి, చోటు ఉమ్మడి. ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020 నుంచి, ఓపెన్‌సూసే అంతకు ముందునుంచి ఇదే ఇస్తున్నాయి. స్నాప్‌షాట్లు తీసుకుని, అప్‌డేట్ చెడిపోతే వెనక్కి వెళ్లగలగడం దీని అసలు బలం. మొదటిసారి వేస్తున్నవాళ్లకి నేనింకా ఈఎక్స్‌టీ4 అనే చెబుతాను, పాతదే అయినా ఏదైనా చెడినప్పుడు బాగుచేసే దారులు అందరికీ తెలిసినవి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అన్న ఇంకో ఫైల్ సిస్టమ్ మంచిదే గానీ దాన్ని తగ్గించడం కుదరదు. పెంచడమే. ఇరుకు డిస్క్‌లో అది పెట్టుకోకండి.

మూడు ఉదాహరణలు

256 జీబీ ఎస్‌ఎస్‌డీ, లినక్స్ ఒక్కటే. తెర మీద 238 కనబడుతుంది. ఈఎఫ్‌ఐ 1, రూట్ 60, దాని పక్కన ఖాళీ 15, హోమ్ 150, చివర మిగిలిన 12 ఖాళీ. స్వాప్ రూట్‌లో ఫైలుగా.

512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్‌తో కలిసి, 16 జీబీ ర్యామ్, హైబర్నేట్ కావాలి. తెర మీద 476. విండోస్‌కి 200, దాని ఈఎఫ్‌ఐ, రికవరీ లాంటివి కలిపి 2 దాకా. మిగిలిన చోట్లో స్వాప్ 16, రూట్ 70, ఖాళీ 20, హోమ్ 150, చివర 18 ఖాళీ. స్వాప్‌ని రూట్‌కి ముందు పెట్టింది కావాలనే. రూట్‌కి, ఖాళీకి మధ్య అది అడ్డు రాకూడదు. విండోస్‌లోనూ తెరవాల్సిన ఫైళ్లు ఎక్కువుంటే హోమ్‌లోంచి కొంత కోసి ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ చేయండి. హోమ్‌నే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టకండి, లినక్స్ పర్మిషన్లు అందులో సరిగ్గా కుదరవు.

256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దానికి తోడు 1 టీబీ హార్డ్ డిస్క్. ఇక్కడ చాలామంది హోమ్ మొత్తాన్ని హార్డ్ డిస్క్ మీద పెడతారు. బ్రౌజర్ కాష్, సెట్టింగులు కూడా నెమ్మది డిస్క్ మీదకి పోయి, ఎస్‌ఎస్‌డీ కొన్న ఫలితం సగం దక్కదు. రూట్, హోమ్ రెండూ ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచి, హార్డ్ డిస్క్‌ని /డేటా అని మౌంట్ చేసి (తగిలించి), వీడియోలు, ఫొటోల ఫోల్డర్లను అక్కడికి లింక్ చేయండి.

ఇన్‌స్టాలర్‌లో

డిస్క్ మొత్తం తుడిచేయమనే ఆప్షన్ కాకుండా, మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకోండి. కాగితం మీద రాసుకున్న వరసలోనే పార్టిషన్లు చేస్తూ పోండి. ప్రతిదానికీ మౌంట్ పాయింట్ ఇవ్వాలి: ఈఎఫ్‌ఐకి /బూట్/ఈఎఫ్‌ఐ, రూట్‌కి /, హోమ్‌కి /హోమ్. ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న బడిలోనే. కొన్ని డిస్ట్రోలు ఈఎఫ్‌ఐకి నేరుగా /బూట్ అడుగుతాయి, ఇన్‌స్టాలర్ సూచించినట్టు వెళ్లండి.

చివరి బటన్ నొక్కే ముందు ఫార్మాట్ అన్న గడిని ఒక్కో వరసలో చూడండి. రూట్‌కి టిక్ ఉండాలి. పాత హోమ్ ఉంటే దానికి టిక్ ఉండకూడదు. విండోస్ ఈఎఫ్‌ఐకి అసలే ఉండకూడదు. ఇక్కడ అరనిమిషం ఎక్కువ పట్టినా పర్లేదు.

వేశాక

/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. పార్టిషన్లు ఎస్‌డీఏ1 లాంటి పేర్లతో కాకుండా యూయూఐడీలతో (ఒక్కోదానికి ఉండే ప్రత్యేక గుర్తింపుతో) ఉండాలి. ఇంకో డిస్క్ తగిలిస్తే ఎస్‌డీఏ ఎస్‌డీబీ అయిపోవచ్చు, యూయూఐడీ మాత్రం మారదు. రెండో డిస్క్ వరసలో నోఫెయిల్ అన్న మాట చేర్చండి. లేకపోతే ఆ డిస్క్ వైరు ఊడిన రోజున సిస్టమ్ మొత్తం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

ఈఎక్స్‌టీ4 ప్రతి పార్టిషన్‌లో 5 శాతం చోటుని రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ పార్టిషన్‌కి అది రక్షణే. 1 టీబీ డేటా డిస్క్‌లో మాత్రం 46 జీబీ దాకా ఊరికే కూర్చుంటుంది. ట్యూన్2ఎఫ్‌ఎస్ అన్న ఆదేశానికి చిన్న బడి ఎం ఆప్షన్‌తో 1 ఇస్తే 1 శాతానికి దిగుతుంది, డేటా కదలదు.

రెండు మూడు నెలలు వాడాక డీఎఫ్ ఆదేశానికి చిన్న బడి హెచ్ ఆప్షన్ చేర్చి కొట్టి, రూట్ ఎంత నిండిందో చూడండి. 80 శాతం దాటితే ముందు పాత కెర్నెళ్లు, వాడని డాకర్ ఇమేజీలు తీసేయండి. అప్పటికీ ఇరుగ్గానే ఉంటే, పక్కన వదిలిన 20 జీబీలోంచి 10 తీసి జీపార్టెడ్‌లో రూట్‌ని కుడివైపుకి లాగండి. మిగతా 10 ఇంకోసారికి.